అల్లుడూ, ముందు వదలడం నేర్చుకో

తిరుపతి, ఆదివారం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పాత పీఎస్4 ఆటల పెట్టె ఒకటి కొన్నావని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. చెప్పింది అనకూడదు, నిలదీసింది. "అరవై దాటిన నువ్వే ఆడుతుంటే వాడు ఊరుకుంటాడా అన్నా" అని. సమాధానం దొరకక, బెండకాయలు తరుగుతున్న మీ అత్తయ్య చేతికి ఫోను ఇచ్చేశాను. పోయిన దసరాకు నువ్వు మా ఇంట్లో మూడు రోజులు స్పైడర్‌మ్యాన్ ఆడావు. మూడు రోజులూ పక్కనే కూర్చుని నోరు కట్టుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు తిరుమల ఘాట్‌లో బస్సు నడిపినవాణ్ణి. వెనక సీట్లోంచి సలహాలిచ్చేవాళ్లంటే నాకెంత మంటో మన ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే అప్పుడు ఏమీ అనలేదు. ఇప్పుడు డిస్కు నీకే ఇచ్చేస్తున్నాను కాబట్టి, కడుపులో ఉన్నదంతా రాస్తున్నాను.

ఇది 2018 సెప్టెంబరులో ఈ వరసలో వచ్చిన మొదటి ఆట. దీని తర్వాత 2020లో మైల్స్ మొరాలెస్ ఆట వచ్చింది, అది నీ పెట్టెలోనూ నడుస్తుంది. 2023లో వచ్చిన రెండో భాగం మాత్రం పీఎస్4లో ఆడదు, దాని డిస్కుకు పీఎస్5 కావాలి. చౌకగా వస్తోందని ఎవరైనా చెబితే ఆ డిస్కు కొని మోసపోకు, నీ పెట్టెలో పనికిరాదు.

ముందు కంట్రోలరు చూసుకో. ఆట మొదలుపెట్టి, కంట్రోలరును బల్ల మీద పెట్టి చేతులు తీసెయ్యి. తెర దానంతట అదే పక్కకు తిరుగుతోందంటే బొటనవేలితో తిప్పే పుల్ల అరిగిపోయినట్టు. నేను ఒక దుకాణంలో వాడినదే కొని ఇంటికి తెచ్చుకుంటే, మన హీరో నేను ముట్టుకోకుండానే మెల్లగా ఎడమవైపు నడుచుకుంటూ పోయి మేడ మీదనుంచి దిగిపోయాడు. రెండో సంగతి కరెంటు. ఎండాకాలంలో ఆట మధ్యలో కరెంటు పోతే, మళ్లీ వెలిగించినప్పుడు సరిగ్గా ఆపలేదని తిట్టి, లోపలి డిస్కు పరీక్ష చేసుకుంటుంది. ఒకసారి అయితే పర్వాలేదు, రోజూ అయితే ఏదో ఒక రోజు మొత్తానికి మొరాయిస్తుంది. టీవీని, దీన్ని కలిపి ఇన్వర్టరుకు తగిలించు. సగం నిద్రలో ఉంచే రెస్ట్ మోడ్ జోలికి పోకుండా రాత్రిపూట పూర్తిగా ఆపెయ్యి.

ఇక అసలు విషయం. నీ ఆటలో నేను చూసిన తప్పు ఒక్కటే, మిగతావన్నీ దానికి పుట్టిన పిల్లలు. కంట్రోలరు మీది ఆర్2 బటన్ పట్టుకుంటే నువ్వు వదలవు.

ఆర్2 నొక్కితే సాలెపోగు ఎదుటి భవనానికి అతుక్కుంటుంది. గాలిలో ఊరికే అతుక్కోదు, నిజంగా అక్కడ భవనమో చెట్టో ఏదో ఒకటి ఉండాలి. అక్కడినుంచి మన హీరో ఉయ్యాల ఊగినట్టు ఊగుతాడు. ఉయ్యాలకు ఎక్కడ వేగం ఎక్కువ? అడుగున. ఎక్కడ తక్కువ? పైకి వెళ్లి ఆగబోయే చోట. అడుగుకు వచ్చి ముందుకు లేవబోతున్న క్షణంలో ఆర్2 వదిలితే వీధి పొడవునా బాణంలా దూసుకుపోతాడు. ఇంకాస్త ఆగి పైన వదిలితే ఎత్తుకు లేస్తాడు, వేగం మాత్రం పోతుంది. రెండూ కావలసినవే, ఎప్పుడు ఏది అన్నదే తెలియాలి. నువ్వేమో పైకి వెళ్లి, ఆగి, వెనక్కి ఊగబోయేదాకా పట్టుకుని, అప్పుడు వదిలి ఇంకో పోగు వేస్తావు. ప్రతిసారీ సున్నానుంచి మొదలు. ఆ వదిలే క్షణంలోనే ఎక్స్ బటన్ కూడా నొక్కితే ఒక ఎగురు కలిసొస్తుందని నీకు ఎవరూ చెప్పినట్టు లేదు.

కొండ దిగడానికి ఇప్పుడు వాడేది 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు. ఎక్కే దారికన్నా దాని మలుపులు బిగువు. కొత్తగా వచ్చిన కుర్ర డ్రైవర్లు బ్రేకు మీద కాలు తీయకుండా దిగుతారు. అలిపిరి చేరేసరికి లైనర్లు కాలిన వాసన బస్సంతా నిండుతుంది. దిగేటప్పుడు బండిని గేరు పట్టుకోవాలి, కాలు కాదు. మలుపుకు ముందే వేగం తగ్గించుకుని, మలుపులో బండిని దాని దారిన వదలాలి. నాకు ఆ సంగతి చేతికి రావడానికి రెండేళ్లు పట్టింది. ఆటలో వారం పట్టింది. అదే అలవాటు ఇక్కడా పనిచేస్తుందని తట్టాక ఒక్క సాయంత్రంలో కుదురుకున్నాను.

కాబట్టి నువ్వు చేయవలసింది ఇది. మొదటి కథ భాగం అయిపోయి ఊరు నీ చేతికి వచ్చాక మ్యాపు మూసెయ్యి. పొడవైన వీధి ఒకటి చూసుకుని ఊరి దక్షిణపు కొసదాకా పో, తిరిగి రా. దొంగతనమని పిలిచినా ఆగకు, మాన్‌హట్టన్‌లో దొంగలు ఎక్కడికీ పోరు. నేను వారం రోజులు అదే చేశాను. మీ అత్తయ్య వంటింట్లోంచి తొంగి చూసి "ఈయన వారంగా పోతూనే ఉన్నాడు, ఏ ఊరికి?" అని అడిగింది. వేగం చేతికి చిక్కాక, ఎత్తైన మేడ అంచునుంచి దూకి ఎడమ పుల్లను లోపలికి నొక్కు, తలకిందులుగా పడతాడు. నేల దగ్గరపడుతుంటే వేళ్లు వాటంతట అవే ఆర్2 మీదకు పోతాయి. పోనివ్వకు. కింద కార్ల పైకప్పులు కనబడేదాకా ఆగి అప్పుడు పట్టుకో. ఆ తర్వాత వచ్చే ఊపు ఇంకే విధంగానూ రాదు. ఒకవేళ ఆలస్యమైనా ఈ ఆటలో పడితే దెబ్బ తగలదు, మోకాలు వంచి దిగి లేచి నిలబడతాడు. నేను మాత్రం ఇప్పటికీ కుడికాలు నేలకేసి నొక్కుతాను. అక్కడ బ్రేకు లేదని కాలికి ఎవరు చెప్పాలి?

సెంట్రల్ పార్కులో మాత్రం మొదట ప్రయత్నించకు. చెట్లు తప్ప పోగు అతికే చోటు దొరకదు, నేల మీద ఈడ్చుకుంటూ పోతావు. మేడల మధ్య ఎల్2, ఆర్2 కలిపి నొక్కి ఒక కొన మీదకు లాక్కుని, కాలు ఆనిన క్షణానే ఎక్స్ కొట్టి ముందుకు ఎగరడం ఉంది చూశావా, పార్కు దాటేముందు అది నేర్చుకో.

కొంత దూరం ఆడాక మెట్రో రైలులో ఒకచోటినుంచి ఇంకోచోటికి క్షణంలో చేరే సదుపాయం ఇస్తారు. ఒక్కసారి ఎక్కి చూడు, ముసుగు వేసుకుని పెట్టెలో అందరి పక్కన బుద్ధిగా కూర్చుంటాడు, నవ్వొస్తుంది. ఆ తర్వాత ఎక్కకు. కాలినడకన కొండెక్కుదామని బయలుదేరినవాడు గాలిగోపురం దగ్గర జీపు దొరుకుతుందా అని అడిగినట్టుంటుంది.

కొట్లాట విషయానికి వస్తే నా అవమానం ముందు చెప్పుకోవాలి. అతని తల చుట్టూ తెల్లటి గీతలు మెరిస్తే దెబ్బ వస్తోందని అర్థం, సర్కిల్ నొక్కితే తప్పుకుంటాడు. ఇంత సులువైనది నాకు నెల రోజులు రాలేదు. నొక్కుతాను, దెబ్బ తగిలాక తప్పుకుంటాడు. వయసు మీద పడింది, వేళ్లు మొద్దుబారాయి అనుకుని దాదాపు మానేశాను. ఎదురింటి కుర్రాడు కేబులు సరిచేయడానికి వచ్చి, టీవీ సెట్టింగుల్లోకి పోయి గేమ్ మోడ్ అని ఒకటి పెట్టాడు. అంతే! టీవీ బొమ్మను అందంగా తీర్చిదిద్దే పనిలో పడి ఆలస్యంగా చూపిస్తోందట, వేళ్లదేమీ తప్పు లేదట. నువ్వు ఇది మొదటి రోజే పెట్టుకో.

మేడ మీద నలుగురు ఉన్నారనుకో. నువ్వు నేరుగా మధ్యలోకి దూకి స్క్వేర్‌ను ఉతికి ఆరేస్తావు. తుపాకీ ఉన్నవాడు పక్కనుంచి కాలుస్తాడు, నువ్వు చచ్చి మళ్లీ దూకుతావు. ముందు తుపాకీవాణ్ణి చూడు. ట్రయాంగిల్ నొక్కితే పోగు వేసి వాడి మీదకే దూసుకుపోతాడు. అక్కడ స్క్వేర్‌ను కొట్టి వదలకుండా పట్టుకుంటే వాణ్ణి గాలిలోకి లేపి తనూ లేస్తాడు. పైన ఉన్నంతసేపు కర్రలవాళ్లకు అందడు. డాలు పట్టుకున్నవాణ్ణి ఎదురుగా ఎంత కొట్టినా డాలుకే తగులుతుంది, వాడి వైపే తప్పుకుంటూ కాళ్ల సందులోంచి జారి వెనకనుంచి కొట్టాలి. ఏనుగులాంటివాడు వస్తే చేతులు కలపకు. ఆర్1తో పోగులు చుట్టి చుట్టి, కదల్లేకుండా అయ్యాక అప్పుడు. ఇక మూలనున్న ఫోకస్ గీత. అది నిండగానే ట్రయాంగిల్, సర్కిల్ కలిపి నొక్కి ఒకణ్ణి ఆర్భాటంగా పడగొడతావు. చూడటానికి బాగుంటుంది, నిజమే. అదే గీత ఖర్చు పెట్టి కింది బాణం నొక్కితే గాయాలు మానుతాయి. ఆర్భాటానికి ఖర్చుపెట్టినవాడికి మందుకు మిగలదు.

ఒకసారి మేడ అంచున ఒకణ్ణి కొడితే వాడు కిందికి పడిపోయాడు. ఆటైతే మాత్రం, నా ప్రాణం జారిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్క ప్రమాదం లేని సర్వీసు నాది. అంచుదాకా పోయి తొంగి చూశాను. పడ్డవాడు రెండంతస్తుల కింద గోడకు సాలెపోగుతో అతుక్కుని కాళ్లు కొట్టుకుంటున్నాడు. నేనేమీ నొక్కలేదు. పడేవాడికి పోగు అతనే వేస్తాడు, ప్రతిసారీ. చేసినవాళ్లు ఆ ఒక్క చోట చూపించిన శ్రద్ధకు నేను లేచి నిలబడి దండం పెట్టాను. మీ అత్తయ్య చూడలేదులే.

కష్టం ఎంత ఉండాలో మొదట్లో అడుగుతుంది. అన్నిటికన్నా సులువైన ఫ్రెండ్లీ పెట్టుకో. సిగ్గెందుకు, మధ్యలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు. సెట్టింగుల్లో ఒకే బటన్‌ను టపటపా కొట్టడానికి బదులు పట్టుకుంటే చాలనే ఏర్పాటు ఉంది. నా బొటనవేలి నొప్పికి డాక్టరు రాసిన బిళ్లలకన్నా అదే బాగా పనిచేసింది. ఆటలో తెలుగు లేదు, కింద అక్షరాలు పెట్టుకుని చదువుకో, నీ ఇంగ్లీషుకూ మంచిది. ఈ వాక్యం మీ అమ్మకు చదివి వినిపించు.

ఊరంతా చెల్లాచెదురుగా 55 సంచులు దాచి ఉంటాయి, పీటర్, అంటే ముసుగు తీసిన మన హీరో, కుర్రప్పుడు గోడలకు అతికించి మరిచిపోయినవి. వాటిని వెతుకు, ఒక్కోదానిలో ఒక్కో పాత జ్ఞాపకం ఉంటుంది. పోలీసుల నిఘా టవర్లు సరిచేయడం మాత్రం త్వరగా ముగించెయ్యి, రెండు పుల్లలూ తిప్పి అలలు కలపడమే, అంతకుమించి ఏమీ లేదు. పీటర్ స్నేహితురాలు మేరీ జేన్‌గా నక్కి నక్కి నడిచే భాగాలు వస్తాయి. నీకు విసుగొస్తుంది, నాకూ వచ్చింది. ఎటూ తప్పవు కాబట్టి కాపలావాడు తిరిగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చో.

దుస్తులు బోలెడు. ఒక దుస్తుతో వచ్చిన శక్తిని ఇంకో దుస్తు మీద కూడా వాడుకోవచ్చు, కాబట్టి నచ్చినది వేసుకో. ముసుగు వేసుకున్నవాడు ఊరిని కాపాడటం అమెరికావాళ్ల కొత్త ఆలోచన అని నీ స్నేహితులు అంటారేమో. పాలెగాడు దాక్కుంటే రోజుకో వేషం వేసి వెతికి, దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించి నరికిన గంగమ్మ మనకు తిరుపతి తాతయ్యగుంటలోనే ఉంది. మే నెలలో జాతరకు రా, బైరాగి వేషంనుంచి మాతంగి వేషందాకా వీధిలో నిలబడి చూద్దువు గాని.

ఇంకొకటి. అప్పుడప్పుడు నేల మీదకు దిగి మామూలుగా నడువు. జనం దగ్గరకు వచ్చినప్పుడు బటన్ గుర్తు చూపిస్తుంది, నొక్కితే చెయ్యెత్తి పలకరిస్తాడు, చేతిలో చెయ్యి కొడతాడు. కొందరు తిడతారు కూడా. రేడియోలో జేమ్సన్ అనే పెద్దమనిషి రోజూ తిడుతూనే ఉంటాడు, లీలామహల్ సర్కిల్ టీ కొట్టు దగ్గర మునిసిపాలిటీని తిట్టే మా బ్యాచిలో అతను ఇట్టే కలిసిపోతాడు. పీటర్‌ను పెంచిన మే అనే అత్తయ్య నిరాశ్రయులకు అన్నం పెట్టే చోటు ఒకటి వస్తుంది. మీ అత్తయ్య ఆటంతటిలో నిలబడి చూసింది అదొక్కటే. "కొండమీద వెంగమాంబ సత్రంలా ఉందే, ఇంత చిన్న గదిలో ఎలా సరిపెడుతుందో" అంది. చివరికి ఏమవుతుందో నేను చెప్పను, నువ్వూ ఎవరినీ చెప్పనివ్వకు. ఆ రాత్రి ఒంటరిగా ఆడు.

డిస్కు రేపు ఉదయం ఆరున్నరకు బయలుదేరే చిత్తూరు బస్సులో, కండక్టరు చేతికి ఇస్తున్నాను. నాతో పనిచేసినవాడే, అరిటాకులో చుట్టిన పులిహోర పొట్లం పక్కన పెట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. ఎనిమిదిన్నరకల్లా బస్టాండులో ఉండు. నేను ఆడినదంతా నా పెట్టెలోనే ఉండిపోతుంది, డిస్కుతో రాదు, నీది మొదటినుంచే. హోవార్డ్ అనే ముసలాయన పావురాలు ఎగిరిపోయాయని పట్టి తెమ్మంటాడు. వాటిలో ఒకటి నాకు ఎంతకీ చిక్కలేదు. వదలడం సరిగ్గా వచ్చాక దాన్ని పట్టుకుని, ఎలా పట్టావో నాకు ఫోను చెయ్యి. మధ్యాహ్నం రెండునుంచి నాలుగు మధ్యలో చెయ్యకు, పడుకుంటాను.

మీ మామయ్య