టెక్ సందేహాలు: జాబితా చూడ్డానికి యాప్ ఎందుకండీ?

ప్రశ్న: పీఎం కిసాన్ డబ్బు మా ఊళ్ళో ఎవరెవరికి పడుతోందో చూడొచ్చని వాట్సాప్ గ్రూపులో యాప్ ఎక్కించే ఏపీకే ఫైలు పెట్టారు. తెలిసినాయనే పంపాడు. ఎక్కించుకోవచ్చా? అసలు మా పేర్లు ఊరందరికీ కనబడటం న్యాయమేనా?
– ఓ రైతు, దర్శి మండలం

జవాబు: వద్దు. విడత పడే రోజులొస్తే చాలు, కావలి నుంచి కనిగిరి దాకా ఇదే ప్రశ్న. పీఎం కిసాన్ వెబ్‌సైటులో జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే పేర్లు వచ్చేస్తాయి. ఓటీపీ కూడా అడగదు. మరి ఆ ఫైలుకు మీ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగే పనేంటి? బ్యాంకు ఓటీపీలు దొంగకు చేరవేయడానికి. తెలిసినాయన పంపాడంటారా, ఆయన ఫోన్లో చేరిన దొంగే పంపి ఉంటాడు. ఇప్పటికే ఎక్కించుంటే నెట్ ఆపేసి, వేరే ఫోన్నుంచి బ్యాంకుకీ, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ చెప్పండి. తర్వాత ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. ఐకాన్ కనబడలేదని పోయిందనుకోకండి, అది దాక్కుంటుంది.

ఇక న్యాయం సంగతి. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడక్కముందే ప్రభుత్వం బయట పెట్టాలి. 2025 ఆగస్టు 2న రాష్ట్ర ప్రభుత్వం రైతులకిచ్చే అన్నదాత సుఖీభవ మొదలైంది మీ దర్శి మండలంలోనే. కేంద్రం ఇచ్చే 6,000తో కలిపి ఏడాదికి 20,000 రూపాయలు. అంత సొమ్ము ఎవరికి పోతోందో పక్క చేను రైతుకు తెలియాల్సిందే. చనిపోయినాయన పేరు ఇంకా నడుస్తుంటే పట్టుకునేది ఊరివాళ్ళే కదా.

అయితే జాబితాలో పేరు, తండ్రి పేరు, ఊరు, పడిన మొత్తం చాలు. కానీ కోవూరు వైపు ఒక గ్రూపులో నేను చూసిన ఎక్సెల్ షీటులో ఆధార్ నెంబర్లు, బ్యాంకు పేర్లు, ఖాతాలు అన్నీ వరసగా ఉన్నాయి. ఎవరు పెట్టారో గానీ, ఆధార్ నెంబర్లు ఇలా బహిరంగంగా పెట్టడం 2016 ఆధార్ చట్టానికే విరుద్ధం. వేలిముద్రతో డబ్బు తీసే మిషనుకు కావాల్సినవి మూడే: ఆధార్ నెంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. రెండు ఈ షీటే ఇచ్చేసింది. మూడోది? పొలం రిజిస్ట్రేషన్ కాగితాల మీదుంది! వాటి నుంచి ముద్రలు తీసి రబ్బరు వేళ్ళు తయారుచేసిన ముఠాలు మన రాష్ట్రంలోనే దొరికాయి. పారదర్శకత పేరుతో దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే ఇది.

ఆధార్ సంస్థ సొంత యాప్‌లో బయోమెట్రిక్ లాక్ (మీ వేలిముద్ర ఎవరూ వాడకుండా వేసే తాళం) ఉంది, పైసా ఖర్చు లేదు. ఈరోజే వేసుకోండి. ఈకేవైసీకి గానీ యూరియా కొనేటప్పుడు గానీ వేలు పెట్టాలంటే ముందు లాక్ తియ్యాలి, మళ్ళీ వెయ్యాలి. ఎరువుల కొట్లో వెనకున్నోళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీయండి.