ఆ పిల్ల అడిగిన ప్రశ్న దగ్గర ఆగు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. 'వంటలక్క నుంచి నేటి ఆడపిల్లలు నేర్చుకోవలసిన ఏడు గుణాలు' అన్న శీర్షిక చూసి పక్కన పెట్టేశాను. మళ్లీ ఎందుకో తీసి చదివితే మూడో పేజీలో మీ అక్క కూతురు కనిపించింది. అమ్మమ్మ పక్కన కూర్చుని 'కార్తీక దీపం' సీరియల్ చూస్తూ ఆ పిల్ల, "పిన్నీ, అతను డాక్టరే కదా, పిల్లలు తనకు పుట్టారో లేదో పరీక్ష చేయిస్తే తేలిపోతుంది. దీప ఎందుకు అడగదు?" అంది. దానికి నువ్వేం రాశావు? 'ఆ పసిదాని అమాయకత్వానికి నవ్వుకున్నాను' అని రాసి, నాలుగో గుణమైన ఓర్పు దగ్గరికి వెళ్లిపోయావు. నాకీ ఉత్తరం రాయాలనిపించింది ఆ నవ్వు వల్లే.

అందులో అమాయకత్వం ఎక్కడుంది? 2017లో మొదలై 2023 జనవరి దాకా సాగిన ఆ సీరియల్‌లో, భార్య దీపను అనుమానించి దూరం పెట్టిన భర్త కథను వందల ఎపిసోడ్లు చూశాం. పెద్దవాళ్లంతా దీప కన్నీళ్లతో పాటు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒక్కతే, నింద పడ్డ మనిషి నోరు తెరిచి తనకు కావలసింది ఎందుకు అడగదని నిలదీసింది. ఇంకో రెండేళ్లు పోతే, అసలు ఆమె ఎందుకు రుజువు చేసుకోవాలి అని కూడా అడుగుతుంది. సీత నాటి నుంచి తేలని ప్రశ్న అది. ఈ రెండు ప్రశ్నల మధ్య నీ వ్యాసమంతా ఉంది. నువ్వు వాటిని దాటేసి ఓర్పును పొగిడావు.

వంటలక్క మీద నాకు కోపం లేదు. దీప పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్ మలయాళం నుంచి వచ్చిన నటి. ఇక్కడి ఇళ్లలో చాలామందికి ఆమె అసలు పేరు తెలియదు, అందరికీ వంటలక్కే. ఆ పేరు ఆమె ఏడుపు వల్ల రాలేదు, పొయ్యి వల్ల వచ్చింది. తనను వదిలేసిన భర్త గుమ్మంలో పడి ఉండకుండా దీప వండి అమ్ముకుని బతికింది, కూతుర్ని పెంచింది. నీ వ్యాసంలో కన్నీళ్లకు రెండు పేజీలు, పొయ్యికి ఒక్క వాక్యం. మొదటి రోజు సరుకులకు డబ్బు ఎవరిచ్చారు? తెల్లవారుజామున ఎన్నింటికి లేచేది? అరువు పెట్టినవాళ్ల దగ్గర ఎలా వసూలు చేసేది? సీరియల్ చెప్పకపోతే పోనీ, నీకైనా ఆ ఆరా పుట్టాలి కదా. ఇంకొకటి కూడా. నల్లటి అమ్మాయి పడే అవమానం మీద నడిచిన కథలో, ఆ పాత్ర కోసం నటి ముఖానికి నల్లరంగు వేశారు. అద్దం ముందు నిలబడే నల్లపిల్లలకు అది ఏం చెబుతుందో నువ్వు ఒక్కసారైనా ఆలోచించాలి.

నేను ఎక్కడికి వెళ్లినా చెప్పే మాట ఒకటుంది, నీకూ చెబుతాను. పద్నాలుగేళ్ల పిల్ల గుణాన్ని అనుకరించలేదు, పనినే అనుకరించగలదు. 'ధైర్యంగా ఉండు' అంటే ఆ పిల్లకు మర్నాడు పొద్దున చేయడానికి ఏమీ ఉండదు. తెరమీది అమ్మాయి ఒక దరఖాస్తు తెచ్చుకోవడం, నింపడం, ఫీజు కోసం ఇంట్లో పోట్లాడటం, తప్పడం, మళ్లీ రాయడం చూపించు. ఆ పిల్ల మర్నాడు ఆ పనే చేస్తుంది.

ఇది నేను కళ్లారా చూశాను. 1989లో దూరదర్శన్‌లో 'ఉడాన్' వచ్చేది. కవితా చౌదరి తనే రాసి, తనే దర్శకత్వం వహించి, తనే కల్యాణి పాత్ర వేసింది. కల్పించిన కథ కాదు, తన అక్క కాంచన్ చౌదరి జీవితం. కిరణ్ బేడీ తర్వాత ఐపీఎస్‌లో చేరిన రెండో మహిళ ఆమె. మా వీధిలో ఉన్న రెండు మూడు టీవీల్లో మాది ఒకటి. ఆ వేళకు ముందు గది నిండిపోయేది. హిందీ సగమే అర్థమయ్యేది. అయినా ఆడపిల్ల చదువుకుని, అడుగడుగునా చిన్నచూపును ఎదుర్కొని, శిక్షణ పొంది, ఒంటి మీదికి యూనిఫాం తెచ్చుకునే దాకా ఒక్కో మెట్టూ కనిపించేది. ఎదురింట్లో ఇంటర్ చదివే అమ్మాయి ఒకరోజు సీరియల్ అయ్యాక వెళ్లకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. "ఆ పరీక్షకు దరఖాస్తు ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగింది. హెడ్ పోస్టాఫీసులో అడగమన్నాను. వాళ్ల నాన్న తిట్టాడు, మా ఇంటికి రానివ్వడం కూడా మాన్పించాడు. ఆ అమ్మాయి ఐపీఎస్ కాలేదు. గ్రూప్ పరీక్షలు రాసి ఉద్యోగంలో చేరింది, ఇప్పుడు ఒక సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో సంతకాలు పెడుతోంది. కల్యాణి ఓర్పు గురించి గానీ త్యాగం గురించి గానీ ఆ పిల్ల నాతో ఎన్నడూ మాట్లాడలేదు. అడిగింది దరఖాస్తు గురించే.

కాంచన్ చౌదరి 2004లో ఉత్తరాఖండ్ డీజీపీ అయింది, దేశంలో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ. ఆ వార్త చదివినప్పుడు నాకు ఎదురింటి పిల్లే గుర్తొచ్చింది. ఇప్పుడు అక్కా లేదు, చెల్లెలూ లేదు. కవిత 2024లో పోయినప్పుడు మన పత్రికల్లో ఆమెకు ఇంకా చాలా చోటు దక్కాల్సింది.

ఈ మాట ఇంత గట్టిగా పట్టుకోవడానికి కారణం ఉంది. ఒక వారపత్రికకు పంపిన కథలో భర్త వదిలేసిన అమ్మాయి టైపు నేర్చుకుంటుంది. మెషీను మీద వేళ్లు నొప్పి పుట్టడం, లోయర్ పరీక్ష తప్పడం, హయ్యర్‌కు ఫీజు కోసం గాజులు తాకట్టు పెట్టడం, అన్నీ రాశాను. సంపాదకుడు ఆ టైపు భాగమంతా కోసేసి, చివర ఆమె భర్తకు రాసుకున్న ఉత్తరం మాత్రం ఉంచాడు. కథ వేసుకున్నారు, పాఠకులు ఏడ్చామని రాశారు. నాకు మాత్రం ఆ సంచిక ఇప్పటికీ ముట్టుకోబుద్ధి కాదు. తర్వాత కొన్నాళ్లు హైదరాబాదులో సీరియళ్లకు సంభాషణలు రాశాను. కథానాయిక బీఎడ్ చదవాలన్నాను. "చదువుకుంటూ కూర్చుంటే ఎవరు చూస్తారమ్మా, విరామానికి ముందు చెంపదెబ్బ ఉండాలి" అన్నారు. ఆమె పుస్తకం పట్టుకున్న దృశ్యాలన్నీ పోయాయి, పూజగది దృశ్యాలు పెరిగాయి. నేను వచ్చేశాను. ఆ డబ్బు లేక ఇంట్లో చాలా ఇబ్బంది పడ్డాం. అయినా వచ్చేశాను.

ఇప్పుడు పత్రికల్లో 'స్ఫూర్తి' పేరుతో వరసపెట్టి వస్తున్న రచనలు అప్పటి సంపాదకుడు చేసిన పనే చేస్తున్నాయి. మనిషి చేసిన పనిని కోసేసి గుణాల జాబితా మిగులుస్తున్నాయి. ఐదు సూత్రాలు, ఏడు గుణాలు, పది అలవాట్లు. నీకు వాక్యం వచ్చు, అమ్మమ్మ చీర కొంగు చివర ముడి విప్పుతూ సీరియల్ చూడటం రాసిన తీరు నాకు నచ్చింది. ఆ చేత్తో జాబితాలు రాయకు.

కలం పేరు గురించీ, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించీ అడిగావు. వాటి జోలికి ఇప్పుడు వెళ్లను.

ముందు ఏడు గుణాలూ తీసెయ్యి. మీ అక్క కూతుర్ని కూర్చోబెట్టి, దీప స్థానంలో నువ్వుంటే మర్నాడు పొద్దున మొదట ఏం చేస్తావని అడుగు. చెప్పింది చెప్పినట్టు రాసుకో, సరిదిద్దకు, నవ్వకు. ఆ పరీక్ష ఎక్కడ చేస్తారో, ఎంతవుతుందో, భర్త ఒప్పుకోకపోతే భార్యకు ఉన్న దారేమిటో మీ ఊళ్లో ఒక లాయరు దగ్గరికి వెళ్లి కనుక్కో. వెళ్లేటప్పుడు ఆ పిల్లనూ వెంట తీసుకెళ్లు. అక్కడ ఏం జరిగిందో రాసి, పత్రికకు కాదు, ముందు నాకు పంపు.