ఎర్ర చెల్కలో వాన నీళ్లు ఇంకకుండా ఎందుకు పారిపోతాయి?

నల్లరేగడి కంటే ఎర్ర చెల్క గరుకుగా ఉంటుంది కదా, మరి నీళ్లన్నీ ఇంకిపోవాలి కదా అని అడిగారు. ఇంకవు, కారణం పై పొరలోనే ఉంది. దున్నిన మట్టిగడ్డల మీద పెద్ద చినుకులు పడితే అవి చితికిపోయి, సన్నటి బంకమట్టి రేణువులు సందుల్లోకి దూరి మూసేస్తాయి. ఆరాక చూడండి, ఆ పై పొర గోటితో లేపితే పెచ్చులా ఊడి వస్తుంది, కింద మట్టేమో పొడిగానే ఉంటుంది. నల్లరేగడి సంగతి వేరు: ఎండాకాలపు పగుళ్లలోకి తొలి వానలు గటగటా దిగిపోతాయి, తడిసి ఉబ్బి పగుళ్లు మూసుకున్నాక మాత్రం అక్కడా నీళ్లు పైనుంచే పారతాయి.

మన హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరులో ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) వాళ్లు 1976లో మొదలుపెట్టి, నల్లరేగడిలో ఇలా పారే నీళ్లను, వాటితో కొట్టుకుపోయే మట్టిని ఏళ్ల తరబడి కొలిచారు. వానాకాలం బీడుగా వదిలే పాత పద్ధతిలో ఏటా హెక్టారుకు సుమారు 6 టన్నుల మట్టి కొట్టుకుపోతే, వెడల్పాటి ఎత్తు మడులు, మధ్యలో కాలువలు వేసి వానాకాలంలోనూ పంట పెట్టిన చోట 2 టన్నుల లోపే పోయింది. నేల మీద పచ్చటి కప్పు ఉండడమే ఇందులో ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. మీ చెల్కలో కూడా వాలుకు అడ్డంగా దున్నండి, పంట మోళ్లు కాల్చకుండా నేల మీదే పరవండి, వాన వెలిసి పెచ్చు కట్టగానే ఒకసారి గుంటక (పై మట్టిని గీకి గుల్ల చేసే పనిముట్టు) తోలండి.