అగ్రిమెంటులో కన్సల్టెంటు, రోస్టర్‌లో ఉద్యోగి

ప్రశ్న: తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్లుగా మత్తు డాక్టరుగా చేస్తున్నాను. నేను చేరిన మూడు నెలలకు అదే ఎండీ, అంతే అనుభవంతో చేరిన మగ డాక్టరుకు నెలకు 2,30,000. నాకు 1,70,000. అడిగితే ‘ఆడవాళ్లు నైట్లకు రారు కదా’ అన్నారు, నేను వస్తూనే ఉన్నాను. నేను ఎస్సీ. డైరెక్టరు తన గదిలో ‘కోటా డాక్టరు’ అని ఎద్దేవా చేశారు. ముందు అట్రాసిటీ కేసు పెడితే దిగొస్తారని స్నేహితులు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఎవరేమన్నారో రెండు పేజీలు రాశారు. కేసును తేల్చేది మాత్రం మీరు జతచేసిన ఫారం 16ఏ, అంటే జీతం కాని చెల్లింపులపై కోసిన పన్నుకు ఇచ్చే సర్టిఫికెట్. అందులో ఆదాయపన్ను చట్టం 194జే సెక్షన్ కింద 10 శాతం పన్ను కోశారు. అంటే వాళ్ల లెక్కల్లో మీరు ఫీజు తీసుకునే కన్సల్టెంటు, ఉద్యోగి కాదు. మీరూ ఏటా వృత్తి నిపుణులకిచ్చే 44ఏడీఏ సెక్షన్ కింద ఫీజులో సగమే ఆదాయంగా చూపి పన్ను మిగుల్చుకున్నారు. వాళ్ల లాయరు మొదట తీసేది ఆ రిటర్నులే. ఎండీ దాకా చదివినవారు అగ్రిమెంటు చదవకుండా సంతకం చేయడమేమిటి?

అయినా దారి ఉంది. కాగితం మీది పేరు కన్నా మీ పని మీద అదుపు ఎవరిదన్నది కోర్టులు చూస్తాయి. రోస్టర్ వాళ్లే వేస్తారా? బయోమెట్రిక్ ఉందా? సెలవుకు అనుమతి అడగాలా? బయట ప్రాక్టీసు వద్దన్నారా? ఆలస్యానికి మెమో ఇచ్చారా? ఆ కాగితాలన్నీ పోగేయండి. రోస్టర్ వాట్సాప్‌లో వచ్చేదైతే ఆ ఫోను మార్చకండి. ఎలక్ట్రానిక్ రికార్డులకు సాక్ష్య అధినియమం సెక్షన్ 63 అడిగే సర్టిఫికెట్ లేని ప్రింటుకు విలువ తక్కువ.

ఉద్యోగి అని తేలితే, ఆడామగా తేడాతో జీతం తగ్గించకూడదనే చట్టాలు వర్తిస్తాయి: 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ సెక్షన్ 3, అంతకుముందు కాలానికి 1976 సమాన వేతన చట్టం. పని అచ్చంగా ఒకటే కానక్కర్లేదు, అదే తరహాదైతే చాలు. చిన్న తేడాలు పట్టుకుని వేలాడకూడదని 1987లో ఆడ్రీ డికోస్టా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘నైట్లకు రారు’ అన్న మాటకు జవాబు ఆపరేషన్ థియేటర్ (ఓటీ) రిజిస్టరులో ఉంది. దాన్ని ఫొటోలు తీయకండి, రోగుల పేర్లు బయటికొస్తే మెడికల్ కౌన్సిల్ ముందు మీరే నిలబడాలి. తేదీలు, టైములు మాత్రం రాసుకోండి. రిజిస్టరునూ, ఆ మగ డాక్టరు జీతం పుస్తకాన్నీ తెప్పించే అధికారం విచారణాధికారికి ఉంది.

గడువు మూడేళ్లు. ఆయన చేరి 45 నెలలు, అందులో గడువు లోపల మిగిలింది 36. తొమ్మిది నెలల తేడా, 5,40,000, ఇప్పటికే చేజారింది. సరైన కారణం చూపితే ఆలస్యం మన్నించవచ్చు గానీ, దాన్ని నమ్ముకోవద్దు. ఇకపై ఆగే ప్రతి నెలకూ వెనక నుంచి మరో 60,000 రాలిపోతుంది.

అట్రాసిటీ కేసుతో బెదిరించి జీతం రాబట్టాలనుకోవద్దు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఆర్) కింద అవమానం నలుగురి కళ్లముందు జరగాలి. మూసిన గదిలో మీరిద్దరే ఉంటే అది నిలవదు, 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన హితేష్ వర్మ తీర్పు చూడండి. పైగా డబ్బు కోసమే పెట్టారన్న మచ్చ జీతం కేసుకూ అంటుతుంది. నర్సో, టెక్నీషియనో విన్నారంటే మాట వేరు, అప్పుడు విడిగా ఫిర్యాదు ఇవ్వండి. కులం వల్లే జీతం తగ్గించారన్న వాదన మాత్రం ఈ కోడ్‌లో ఇమడదు, అది ఆడామగా తేడాకే. రుయా లాంటి ప్రభుత్వాసుపత్రి అయితే ఆ వాదనతో హైకోర్టులో రిట్ పిటిషన్ వేసేవాళ్లం.

ముందుగా జీతం తేడాకు కారణం చెప్పమని డైరెక్టరుకు మెయిల్ పెట్టి, రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే కార్మిక శాఖలో క్లెయిము వేద్దాం. ఈలోపు అగ్రిమెంటు రెన్యువల్ పెట్టినా, ‘బకాయిలు లేవు’ అన్న కాగితం ఇచ్చినా సంతకం చేయకుండా కాపీ తీసుకుని రండి.