ఆమ్లీకరణంలోని ‘ఈ’

సందేహం: సముద్రపు నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.1 అంటారు. ఏడు దాటితే క్షారమే కదా! ‘సముద్ర ఆమ్లీకరణ’ అనడం తప్పు కాదా? ఆమ్లీకరణ, ఆమ్లీకరణం, ఆమ్లీభవనం - ఏది వాడాలి?
- ఒక ఉపాధ్యాయిని, కాకినాడ

సమాధానం: మీ లెక్క సరైనదేనమ్మా. అయినా ఆ మాటను తప్పు పట్టలేను. కారణం అందులోని ‘ఈ’.

అది ‘చ్వి’ అనే సంస్కృత ప్రత్యయం చలవ. ఈ ప్రత్యయం మొత్తం లోపించిపోతుంది, పోతూ పోతూ ముందున్న అకారాన్ని ఈకారం చేసిపోతుంది. పాణిని వ్యాకరణంలో నాకు ఇంత ముద్దొచ్చేది మరొకటి లేదు. కృ (చేయు), భూ (అగు), అస్ (ఉండు) ధాతువులు పక్కనుంటేనే వస్తుంది. అర్థం ‘అభూతతద్భావం’, అంటే అంతకుముందు కానిది అలా అవడం. తెల్లబట్టకు శుక్లీకరణం ఉండదు, మాసినదానికే. అలాగే నిమ్మరసానికి ఆమ్లీకరణం అక్కర్లేదు, క్షారమైన సముద్రానికే ఆ మాట తగును. ‘పూర్తిగా ఆమ్లం కాలేదు కదా’ అని మీరు పట్టుబడితే మాత్రం మీ పక్షాన వాదించే వైయాకరణులూ దొరుకుతారు.

భవనమంటే తనంతట తాను అవడం, కరణమంటే ఒకరు చేయడం. మనం బొగ్గూ పెట్రోలూ కాల్చి వదిలే కార్బన్ డయాక్సైడులో సుమారు నాలుగో వంతు సముద్రంలో కరిగి కార్బోనిక్ ఆమ్లమవుతోంది. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 ఉన్న పీహెచ్ 8.1కి దిగింది. 0.1 అని తీసిపారేయకండి, అది సంవర్గమానపు (లాగరిథమ్) కొలత, ఒక్క అంకె దిగితే పది రెట్లు తేడా. హైడ్రోజన్ అయాన్లు పాతిక శాతానికి పైగా పెరిగాయన్నమాట. అవి కార్బొనేటును పట్టుకుపోతే ఆల్చిప్పలకు గుల్ల కట్టుకోవడానికీ, పగడాలకు పెరగడానికీ సున్నం కరువు. 2007 ప్రాంతంలో అమెరికాలోని ఆరెగాన్ తీరపు హేచరీలో (పిల్లల్ని పెంచే కేంద్రంలో) ఆల్చిప్పల పిల్లలు గుల్ల కట్టుకోలేక రాశులుగా చచ్చాయి. కర్త ఉన్న పని ఇది, కాబట్టి కరణమే న్యాయం.

ఇక ‘ఆమ్లీకరణ చేయబడుతోంది’ అని రాసేవారిని ఏమనాలి? కరణమంటేనే చేయడమయ్యా! ఆధునికీకరణను ‘ఆధునీకరణ’గా నలిపేసిన పత్రికలే ‘ప్రైవేటీకరణ’ అంటూ ఇంగ్లీషు మాటకూ చ్వి తగిలించాయి. ‘సముద్రం పులిసిపోతోంది’ అనే శీర్షిక కూడా వద్దు. నాలుకకు అది ఉప్పే.

చివరి సున్న ఉంటే శాస్త్రం, లేకపోతే వాడుక. నేను ఉంచుతాను, మీరు తీసేసినా కొంప మునగదు. పిల్లలకైతే ‘సముద్రపు నీటి క్షారగుణం తగ్గుతోంది’ అని చెప్పండి, సైన్సు మాస్టారూ ఒప్పుకుంటారు.