‘ఇంటర్నలైజేషన్’కు ఒక్క తెలుగు మాట చాలునా?

సందేహం: సమాజశాస్త్ర వ్యాసాన్ని అనువదిస్తూ ‘ఇంటర్నలైజేషన్’ను ‘అంతర్గతీకరణ’ అన్నాను. అర్థశాస్త్రం బోధించే మిత్రులొకరు తమ శాస్త్రంలో దాని అర్థం వేరన్నారు. అన్నిచోట్లా ఈ మాటే వాడవచ్చునా?

సమాధానం: మీ మాట వ్యాకరణరీత్యా నిర్దుష్టం. ‘అంతర్గత’ శబ్దంపై సంస్కృత వ్యాకరణంలోని ‘చ్వి’ అనే ప్రత్యయం చేరగా అకారం ఈకారమై ‘అంతర్గతీకరణ’ ఏర్పడింది. చ్వి ప్రత్యయార్థం అభూతతద్భావం, అంటే మునుపు అలా లేనిది అలా కావడం. కనుక వెలుపలిది లోపలిదవడమనే మూలార్థం ఆ మాటలోనే ఇమిడి ఉంది. అయితే లోపలికి వచ్చేదేమిటి, దేని లోపలికి అన్న ప్రశ్నలకు ఒక్కో శాస్త్రం ఒక్కో విధంగా బదులిస్తుంది.

మనస్తత్వశాస్త్రంలో దీనికి సోవియట్ మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ చూపిన ఉదాహరణ ప్రసిద్ధం. పసిబిడ్డ అందని వస్తువు కోసం చేయి చాస్తుంది. తల్లి అది గ్రహించి వస్తువును అందిస్తుంది. మొదట వస్తువు కోసమే చాచిన చేయి క్రమంగా తల్లికి చూపించే సంజ్ఞ అవుతుంది. ఇద్దరి నడుమ పుట్టిన అర్థం బిడ్డకు సొంతమవుతుంది, ఆ క్రమంలో కొంత రూపు కూడా మారుతుంది. సమాజపు కట్టుబాట్లు, విలువలు మనిషికి తనవిగా తోచడాన్ని సమాజశాస్త్రజ్ఞులు ఈ పేరుతోనే వ్యవహరిస్తారు. ఈ రెండుచోట్లా నాకు ‘ఒంటబట్టించుకోవడం’ కన్న దీటైన మాట కనబడదు. ఇల్లు–ఇంట, కన్ను–కంట వలెనే ఒళ్లు–ఒంట; కొందరు ‘వంటబట్టు’ అని వ్రాసినా దానికి వంటతో ఏ సంబంధమూ లేదు.

అర్థశాస్త్రంలో ‘ఒంటబట్టించుకోవడం’ అన్న మాట నవ్వు తెప్పిస్తుంది. రంగుల కర్మాగారం చెరువులోకి వదిలిన మురుగుకు చేపలు చస్తే నష్టం బెస్తవారిది, కర్మాగారం లెక్కల్లో అది కనబడదు. పన్ను వేసి ఆ నష్టాన్ని కర్మాగారం ఖర్చులోకే తేవాలన్న ఆలోచనను 1920లో ఆంగ్ల అర్థశాస్త్రవేత్త పిగూ ప్రతిపాదించాడు. ఇక్కడ ‘బాహ్యవ్యయాల అంతర్గతీకరణ’ అనడమే తగును.

కణజీవశాస్త్రంలో, పొరమీది గ్రాహకానికి (రిసెప్టర్‌కు) అతుక్కున్న పదార్థాన్ని కణం లోనికి తీసుకోవడం ఇంటర్నలైజేషన్. దానికి నేను ‘అంతర్గ్రహణం’ అంటాను. సాఫ్ట్‌వేర్‌వారు వాడే ‘ఇంటర్నేషనలైజేషన్’ వేరే మాట, అది ‘అంతర్జాతీయీకరణ’.

మీ వ్యాసంలో పారిభాషిక పదంగా ‘విలువల అంతర్గతీకరణ’ను ఉంచి, తక్కిన వాక్యాల్లో ‘ఒంటబట్టు’ క్రియను వాడితే చాలును.