ఉద్యమకారుల జ్ఞాపకాలు రికార్డు చేయబోయే పాపకు

తిరుపతి

పాపా,

ఎమర్జెన్సీలో జైలుకు పోయినవాళ్లు, పౌరహక్కుల సంఘంలో తిరిగినవాళ్లు మన తిరుపతి, చిత్తూరు వైపు ఇంకా కొందరు ఉండారని, వాళ్ల మాటలు రికార్డు చేస్తానని రాసినావు. ఆలస్యం చెయ్యొద్దు. 1975లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటినాయి. వయసు మీరినవాళ్ల దగ్గరికి, ఒంట్లో బాగాలేనివాళ్ల దగ్గరికి ముందు పో. పేరున్న నాయకులు తర్వాత. వాళ్ల మాటలు పత్రికల్లో ఎంతోకొంత మిగిలే ఉంటాయి.

అసలు చిక్కు మైకుతో కాదు. నలభై ఏళ్లు సభల్లో మాట్లాడిన మనిషి నీ ముందర కూడా ఉపన్యాసమే ఇస్తాడు. రాజ్యం, నిర్బంధం అంటూ గంట గడిచిపోతుంది, ఆయన కళ్లారా చూసింది మాత్రం బయటికి రాదు. ఆపొద్దు, ఒక విడత చెప్పనీ. ఆనక చిన్న ప్రశ్నలు వెయ్యి: నిజనిర్ధారణకు ఆ ఊరికి ఎట్లా పోయినారు, ముందు ఎవరింటి గడప తొక్కినారు, ఎవరు తలుపు వేసుకున్నారు, కరపత్రం ఎక్కడ అచ్చు వేయించినారు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు. "భయం వేసిందా?" అంటే "లేదు" అంటారు, అంతటితో సరి. "ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారు?" అని అడుగు. అడిగినాక పది సెకన్లు నోరు మెదపొద్దు. మంచి మాటలు చాలావరకు ఆ మౌనం తర్వాతే వస్తాయి.

తేదీలు ఎవరికీ సరిగ్గా గుర్తుండవు. ఎమర్జెన్సీ ఎత్తేసిన 1977కు ముందా, ఎన్టీఆర్ తిరుపతిలో గెలిచిన 1983 తర్వాతా, మండలాలు వచ్చిన 1985 నాటికా, కారంచేడులో దళితుల ఊచకోత జరిగినాకా, 1993లో సారా బంద్ కాకముందా అని అడిగితే లెక్క తేలుతుంది. నీ దగ్గరున్న కోర్టు కాగితంలో వేరే తేదీ ఉంటే వాళ్ల ముఖాన చెప్పి దిద్దొద్దు. చెప్పింది చెప్పినట్టే ఉంచి, తేడాను నీ నోట్సులో రాసుకో. పాత కరపత్రాలు, జైలు ఉత్తరాలు చూపిస్తే అక్కడే ఫోటో తీసుకో. అసలు కాగితాలు ఇంటికి తెచ్చుకోవద్దు.

ఆ ఇంటి ఆడవాళ్లతో విడిగా కూర్చో. ఆయన జైల్లో ఉన్నప్పుడు బాడుగ ఎట్లా కట్టినారు, పోలీసులు వచ్చినప్పుడు పిల్లలకు ఏం చెప్పినారు అన్నది వాళ్లకే తెలుసు. ఆయన పక్కనుంటే ఆమె మాట ఆయనే పూర్తి చేసేస్తాడు.

రికార్డింగ్‌కు ముందు అనుమతి పత్రం చదివి వినిపించు. రెండు ప్రతులు రాసి ఒకటి వాళ్లకే ఇవ్వు. ఎవరు వినొచ్చు, పేరు పెట్టొచ్చా, ఏ భాగం ఎన్నేళ్లు మూసి ఉంచాలి అన్నవి స్పష్టంగా ఉండాల. ఇంకో సంగతి గట్టిగా చెప్తా ఉండాను: మూసి ఉంచుతామని నువ్వు మాటిచ్చినా, కోర్టు అడిగితే ఇవ్వాల్సి రావచ్చు. అది దాచొద్దు. కేసు ఇంకా నడుస్తా ఉంటే ఆ భాగం రికార్డు చేయకపోవడమే మేలు. అత్యాచార బాధితుల పేర్లు బయటపెట్టడం చట్టప్రకారం నేరం. ఎవరి నోట వచ్చినా బయటికిచ్చే ప్రతిలో తీసెయ్యాల.

పరికరం సంగతికొస్తే, ఫోనైనా చాలు గానీ ఫ్లైట్ మోడ్‌లో పెట్టు, లేకపోతే కాల్ రాగానే రికార్డింగ్ ఆగుతుంది. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద ఉండాల. రికార్డింగ్ సెట్టింగుల్లో వేవ్ (WAV) ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో అని పెట్టుకో. గంటకు సుమారు 500 ఎంబీ అవుతుంది. ఫ్యాను ఆపు, కుక్కర్ పెట్టే వేళకు పోవద్దు. మొదట ఒక నిమిషం రికార్డు చేసి ఇయర్‌ఫోన్‌లో విను. గంటన్నర మించి కూర్చోబెట్టొద్దు, ఇంకోరోజు పో. ఆ రాత్రికే మూడు కాపీలు చెయ్యి, ఒకటి వేరే ఊర్లో ఉంచు. వాట్సాప్‌లో వచ్చిన ఫైలును మూలప్రతిగా పెట్టుకోవద్దు.

గంట మాటలు రాయడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది, ముందే లెక్కేసుకో. మన జిల్లా యాసను, మాటల్లో దొర్లే తమిళాన్ని పుస్తకాల తెలుగులోకి మార్చొద్దు. రాసింది పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి వాళ్లకిచ్చి, రెండు వారాలు గడువు పెట్టు. వాళ్లు కొట్టేయమన్న వాక్యాలు బయటికిచ్చే ప్రతిలో ఉండకూడదు. మూలప్రతిలో ఉంచాలా వద్దా అన్నది కూడా వాళ్లనే అడిగి, సంతకం తీసుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న